తాడు లాగే ముందు

అమ్మడూ,

నువ్వు పాత చైన్‌సా ఒకటి కొన్నావనీ, అది రెండు రోజులుగా స్టార్ట్ కాక నీ రెక్కలు పడిపోయాయనీ మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. గాలివానకు కూలిన చెట్టును ఎవరినీ పిలవకుండా నువ్వే కోసుకుంటానన్నావట. వినగానే నవ్వొచ్చింది. కాస్త పొంగిపోయాను కూడా, దాచుకోవడం ఎందుకు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నోటితో చెబితే "సరే పెదనాన్నా, సరే" అంటూనే ఇంకో చేత్తో తాడు లాగే రకం నువ్వు. అందుకే లేచి కూర్చుని రాస్తున్నాను. ఇది ఆఖరుదాకా చదివే వరకూ ఆ మిషను ముట్టుకోకు.

ముందు స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడు. నవ్వకు. దాని కథ తర్వాత చెబుతాను.

ట్యాంకులో ఉన్నది అమ్మినవాడు పోసిచ్చిన పెట్రోలేనా? అయితే మొత్తం ఒక డబ్బాలోకి ఒంపేయ్. నెల దాటిన పెట్రోలుకు చేవ తగ్గిపోతూ ఉంటుంది. ఇథనాల్ కలిసినదైతే గాలిలోని తేమను పీల్చుకుని, చివరికి నీరు అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే ఫిల్టరు ఉండేదీ ఆ అడుగునే. తాజా పెట్రోలులో టూటీ ఆయిల్ కలిపి పొయ్యి. ఈ రోజుల్లో వచ్చే మిషన్లలో చాలావాటికి 50కి 1 పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. నీ మిషను పుస్తకంలో వేరేగా ఉంటే పుస్తకం మాటే వినాలి. కొలిచి పొయ్యి, ఉజ్జాయింపుగా వద్దు. ఆయిల్ లేని పెట్రోలు పోస్తే ఇంజను కాసేపు హాయిగా తిరిగి, పిస్టన్ పట్టేసి చచ్చిపోతుంది. మూతలు రెండుంటాయి, రెండోది గొలుసు ఆయిల్‌ది. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పొయ్యకు.

ఎయిర్ ఫిల్టరు తీసి దులుపు. రంపపు పొట్టు అట్టకట్టి ఉంటే చోక్ (ఇంజనుకు గాలి తగ్గించే మీట) తీసినా ఇంజనుకు చోక్ వేసినట్టే.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ మిషనుకు రోగమేమీ లేకపోవచ్చని నా అనుమానం. రెండు రోజుల పాటు చోక్ వేసే లాగి ఉంటావు. చల్లగా ఉన్న ఇంజనుకు చోక్ పూర్తిగా వేసి, పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డి ఉంటే ఐదారుసార్లు నొక్కి, తాడు లాగాలి. సిలిండర్ మీద కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) వదిలే చిన్న బొత్తం ఉంటే అదీ నొక్కు, చేతికి బరువు తగ్గుతుంది. రెండోసారికో నాలుగోసారికో ఇంజను ఒక్కసారి దగ్గుతుంది. 'డుబ్' అని ఒకటే దగ్గు, వెంటనే ఆగిపోతుంది. "అయ్యో, ఆగిపోయిందే" అని కొత్తవాళ్ళు చోక్ అలాగే ఉంచి మళ్ళీ లాగుతారు. కానీ ఆ దగ్గు వినగానే చోక్ తీసి, సగం యాక్సిలేటర్ ఇచ్చే మెట్టు మీద పెట్టాలి. కొన్ని మిషన్లలో చోక్ మీటను లోపలికి నెడితే ఆ మెట్టు దానంతటదే పడుతుంది, కొన్నింట్లో మీటను ఒక గీత పైకి జరపాలి. ఇంకో రెండు మూడు లాగుళ్ళకు ఇంజను అందుకుంటుంది. అందుకోగానే యాక్సిలేటర్ ఒకసారి నొక్కి వదులు, నెమ్మదిస్తుంది. చెవులకు మఫ్‌లు పెట్టుకున్నప్పుడు ఆ దగ్గు వినపడదు. అప్పుడు చేతిని నమ్ముకో, తాడులో చిన్న కుదుపు తెలుస్తుంది. నాకు ఆ కుదుపు పట్టుబడడానికి చాలా కాలం పట్టింది. నీకు నాకంటే త్వరగానే వస్తుందిలే, చిన్నప్పుడు నా గడియారం విప్పి మళ్ళీ బిగించిన చెయ్యి కదా అది.

దగ్గు వినకుండా లాగుతూ పోతే లోపల పెట్రోలు నిండి, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు తడిసిపోతుంది. ఇక నువ్వెంత లాగితే అంత మునుగుతుంది. అప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడిచి ఆరబెట్టు. మిషనును నేల మీద పెట్టి, ప్లగ్గు రంధ్రం నీ వైపు కాకుండా తిప్పి, నాలుగైదుసార్లు తాడు లాగు. లోపలి పెట్రోలు తుంపరగా బయటికి కొడుతుంది. చుట్టుపక్కల నిప్పనేది ఉండకూడదు. స్పార్క్ వస్తుందో లేదో చూద్దామని ప్లగ్గును ఆ రంధ్రం పక్కనే ఆనించి తాడు లాగే పెద్దమనుషులుంటారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. ఆ ఆవిరి గుప్పున అంటుకుంటుంది. అనుమానంగా ఉంటే మాన్యువల్‌లో చెప్పిన రకం కొత్త ప్లగ్గు తెచ్చి వేసేయ్, దాని మూతి దగ్గరి గ్యాప్ సాధారణంగా 0.5 మిల్లీమీటరు. తర్వాత చోక్ లేకుండా మళ్ళీ ప్రయత్నించు.

ఇప్పుడు స్విచ్ కథ.

నా ఎడమ మోకాలి పైన మచ్చ నీకు గుర్తుండాలి. నా ఒళ్ళో కూర్చుని వేలితో దాన్ని రుద్దుతూ "ఇదేంటి పెదనాన్నా" అంటే ముళ్ళకంచె గీరుకుందని చెప్పేవాణ్ణి. అబద్ధం. నిజం తెలిసింది మీ నాన్నకు ఒక్కడికే.

అప్పటికి ఎనిమిదేళ్ళుగా చైన్‌సా పట్టుకుంటున్నాను. ఆ సాయంత్రం ఇంకో రెండు దుంగలు మిగిలాయి, పైన మబ్బు పట్టింది. ట్యాంకు నింపుకుని మళ్ళీ మొదలుపెడితే మిషను ఉలకదు, పలకదు. పది లాగుళ్ళు, ఇరవై, ముప్పై. మీ నాన్న పక్కన నిలబడి "అన్నా, కాసేపు ఆగరాదూ" అన్నాడు. "నాకు చెప్పేంతవాడివయ్యావా" అని ఎగిరాను. వాడు ఇంకేదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఇంకో పదిసార్లు లాగాక చెమట తుడుచుకుంటూ కిందికి చూస్తే, స్విచ్ ఆఫ్‌లో ఉంది. పెట్రోలు పోసేటప్పుడు ఆపింది నేనే, మళ్ళీ ఆన్ చెయ్యలేదు.

ఆ క్షణంలో నవ్వేసి ఉంటే సరిపోయేది. నాకు సిగ్గేసింది. తమ్ముడు చూడకూడదని మిషనును అటు తిప్పి, బొటనవేలితో మెల్లగా స్విచ్ ఆన్ చేశాను. ఇక ఒక్క లాగుడుకే స్టార్ట్ చేసి చూపించాలి, అంతే. చోక్ తీసేశాను, యాక్సిలేటర్ సగం మెట్టు మీదే ఉంది, గొలుసును ఆపి ఉంచే చైన్ బ్రేక్ వెయ్యలేదు. మిషనును కింద పెట్టే ఓపిక లేదు. ఎడమ చేత్తో ముందు పిడి పట్టుకుని గాల్లోకి ఎత్తి, ఒకేసారి మిషనును కిందికి తోస్తూ కుడిచేత్తో తాడు పైకి గుంజాను. అలా స్టార్ట్ చేసేవాళ్ళను చూసి ముచ్చటపడేవాణ్ణి అంతకుముందు.

అందుకుంది. సగం యాక్సిలేటర్ మీద అందుకుంటే గొలుసు కూడా వెంటనే తిరుగుతుంది. ఐదారు కిలోల మిషను ఒక్క ఎడమ చేతిలో ఉంది, కుడిచెయ్యి ఇంకా తాడు దగ్గరే. గొలుసు తిరిగే బార్ ఊయలలా ఊగి నా కాలి మీదికి వచ్చింది. నొప్పి తెలియలేదు. ఎవరో ప్యాంటు పట్టుకుని గుంజినట్టయింది, అంతే. గుడ్డ పేలికలై గొలుసులోకి పోతూ కనిపించింది. గుడ్డ చుట్టుకుని ఆగిందో, చెయ్యి జారి నేలకు తగిలి ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. కిందికి చూసేసరికి ప్యాంటు లేదు, ఆ చోట తెల్లగా ఒక గీత, చూస్తుండగానే ఎర్రబడింది.

మీ నాన్న చొక్కా విప్పి గట్టిగా కట్టాడు. 14 కుట్లు పడ్డాయి. దారంతా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. కట్టు కట్టి బయటికి తెచ్చాక మాత్రం మెల్లగా అన్నాడు, "స్విచ్ ఆఫ్‌లో ఉందని చెప్పబోయాను అన్నా" అని. వాడు మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

కాబట్టి నీకు లెక్క పెడుతున్నాను, పది లాగుళ్ళు. పదింటికీ పలక్కపోతే మిషనును నేల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని రా. చల్లారాల్సింది నువ్వు, అది కాదు. స్టార్ట్ చేసేది ఎప్పుడైనా చదునైన నేల మీదే. చైన్ బ్రేక్ వేసి, కుడి పాదం ముందు భాగం వెనక పిడిలో ఉంచి, ఎడమ చెయ్యి చాచి ముందు పిడిని నేలకు అదిమి, కుడిచేత్తో లాగు. మొదట తాడు మెల్లగా లాగి, బిగువు తగిలాక చురుగ్గా గుంజు. చివరిదాకా లాగెయ్యకు, వదిలెయ్యకు, చేత్తోనే వెనక్కి పోనివ్వు. గొలుసు దేనికీ తగలకూడదు. పెట్రోలు పోసిన చోటు నుంచి మూడు మీటర్లన్నా అవతలికి వెళ్ళి లాగు. గాల్లోకి ఎత్తి లాగావని మీ నాన్న ద్వారా తెలిసిందో, ఆ రోజే బయల్దేరి వచ్చి మిషను పట్టుకుపోతాను. బెదిరింపు కాదమ్మా, నిజంగానే వస్తాను.

ఇవన్నీ చేసినా కాకపోతే ప్లగ్గు ఏం చెబుతోందో చూడాలి. ఇన్ని లాగాక కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి అందడం లేదు. ట్యాంకులో గొట్టం చివరన ఉన్న ఫిల్టరును వంచిన తీగతో మెల్లగా బయటికి లాగు, నల్లగా మారి ఉంటే కొత్తది వెయ్యి. గొట్టం ఎక్కడైనా పగిలిందేమో వేలితో వంచి చూడు, మిషను పాతది కదా. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ లోపలి పల్చటి పొర గట్టిపడి ఉన్నా ఇంతే, అది కిట్ తెచ్చి మార్చించాల్సిన పని. స్టార్టయి ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతోందంటే ట్యాంకు మూత కాస్త వదులు చెయ్యి. చిన్నగా 'ఉస్సు' మని గాలి లోపలికి పోయి, మళ్ళీ స్టార్టయితే ట్యాంకుకు గాలి వెళ్ళే దారి పూడుకుపోయిందన్నమాట. సైలెన్సర్‌లోని జాలీ మసి పట్టి మూసుకుపోయినా మిషను సతాయిస్తుంది.

కార్బురేటర్ మీద ఎల్, హెచ్ అని రెండు స్క్రూలు కనిపిస్తాయి. చూడు, తిప్పకు. హెచ్ స్క్రూ బిగిస్తే ఇంజనుకు పెట్రోలు తగ్గి, దాంతో ఆయిల్ కూడా తగ్గుతుంది. మోత బ్రహ్మాండంగా ఉంటుంది, పిస్టన్ మాత్రం పోతుంది.

ఇంకొక్కటి. స్విచ్ ఆఫ్ చేసి, చైన్ బ్రేక్ వేసి, మిషనును నేలకు జానెడు ఎత్తులో ఒక్క తాడు పిడి పట్టుకుని వేలాడదియ్యి. కంప్రెషన్ బొత్తం ఉంటే అది నొక్కకు. ఒక్కో మెట్టు దిగినట్టు ఆగి ఆగి కిందికి వస్తే కంప్రెషన్ ఉన్నట్టే. బకెట్‌లా జర్రున దిగిపోతే సిలిండర్ అరిగిపోయింది, ఇక నువ్వు తంటాలు పడడం దండగ. అమ్మినవాడికే తిరిగి ఇచ్చెయ్.

స్టార్టయింది కదా అని ఆ చెట్టు మీదికి మాత్రం పోకు. కూలిన చెట్టులో వంగిన కొమ్మలు బిగబట్టి ఉంటాయి, కోస్తే ఎగిరి తంతాయి. మొదలు దగ్గర కోస్తే వేళ్ళతో సహా లేచిన దుబ్బు ఉన్నట్టుండి వెనక్కి నిలబడుతుంది. వచ్చే ఆదివారం నేనొస్తున్నాను. అప్పటిదాకా విడిగా పడున్న దుంగల మీద, అదీ మీ నాన్న పక్కన ఉన్నప్పుడే, చెయ్యి తిప్పుకో. వాడేదైనా చెప్పబోతే మిషను ఆపి విను.

రేపు ప్లగ్గు విప్పగానే దాని మూతి ఫోటో తీసి పంపు. తడిసి నల్లగా ఉందో, పొడిగా ఉందో నేనే చూస్తాను.

మీ పెదనాన్న