మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ విన్నప్పుడు మీకు, మీ ఇంట్లోవాళ్లకు ఏమనిపించింది?

అడిగినవారు రాసింది ఇదీ: "షూగేజ్ అనే గిటార్ రాక్ అంటే ఇదే అని అందరూ చెబితే వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ఇజంట్ ఎనీథింగ్’ పెట్టుకుని విన్నాను. ఒక్క మాటా అర్థం కాలేదు. గిటార్ శ్రుతి తప్పినట్టుంది. లోపం రికార్డింగ్‌లో ఉందా, నా చెవిలో ఉందా?"

మీ చెవిలో లేదు, రికార్డింగ్‌లోనూ లేదు. నాకూ మొదట ఈ అనుమానమే వచ్చింది. దాన్ని తీర్చింది మా ఇంట్లోవాళ్లే.

మాది బరంపురం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక పాతిక కిలోమీటర్ల లోపే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. 2021 మార్చి చివర్లో ఈ బ్యాండ్ ఆల్బమ్‌లు డొమినో అనే రికార్డు సంస్థ ద్వారా మళ్లీ స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. మే నెలలో ఇక్కడ లాక్‌డౌన్. అలా ఆ వేసవంతా ఈ ఆల్బమ్ మా ఇంట్లో మోగుతూనే ఉంది.

మొదటిసారి ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి వంటింట్లో పెట్టాను. అమ్మ వంకాయలు తరుగుతోంది. మొదటి పాట సగం కాకముందే "ఏటే ఆ రొద, ఆపు" అంది. నేను ఆపేలోపు రెండో పాట ‘లూజ్ మై బ్రెత్’ మొదలైంది. బ్యాండ్ గాయని బిలిండా బుచర్ పాడిన పాట అది. అమ్మ కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి వింది. "ఎవరిదే ఆ గొంతు? నిద్దట్లో లేపి పాడించినట్టుంది" అంది.

చాలా నెలల తర్వాత ఆ ఆల్బమ్ ఎలా తయారైందో చదివాను. 1988లో వేల్స్‌లోని ఒక స్టూడియోలో వాళ్లు రాత్రికి రెండు గంటల నిద్రతో రికార్డింగ్ చేశారట. అప్పుడే కునుకు పట్టిన బిలిండాని తెల్లవారుజామున లేపి పాడించేవారట. అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంగ్లీషు ముక్క రాని అమ్మ, బ్యాండ్ పేరు కూడా తెలియని అమ్మ, ఆ నిద్రని ఒక్కసారి వినగానే పట్టుకుంది. ఇప్పుడు ఈ ఆల్బమ్ గురించి ఎవరు ఎంత పెద్ద విశ్లేషణ రాసినా, ముందు దాన్ని అమ్మ మాటతో పోల్చి చూస్తాను.

రెండో శ్రోత బాబాయి. ఆయనది మైక్ సెట్ వ్యాపారం. పెళ్లిళ్లు, గణేశ్ పూజలు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర, ఇవే ఆయన సీజన్లు. లాక్‌డౌన్‌లో బాక్సులన్నీ షెడ్డులో పడి ఉండేవి. చెమ్మ పట్టకుండా వారానికోసారి ఆంప్లిఫయర్లు ఆన్ చేసి కాసేపు నడిపేవాడు. ఏదో ఒకటి మోగాలి కదా అని నేను ఈ ఆల్బమ్ పెట్టాను. సౌండ్ తక్కువే, కానీ ఆ పెద్ద బాక్సుల్లో వింటుంటే అది వేరే ఆల్బమ్‌లా ఉంది. ఫోన్‌లో కీచుగా వినబడిన గిటార్ కింద బేస్ ఉంది, డెబ్బీ గూజ్ వాయించినది. అది వినబడగానే పాటకి నేల దొరికినట్టయింది. ఆరో పాట ‘ఆల్ ఐ నీడ్’లో డ్రమ్ము గోడ అవతల గుండె కొట్టుకుంటున్నట్టు మోగుతుంది. దాన్ని రేకుల షెడ్డులో, మధ్యాహ్నం ఎండలో విన్నాను. ఇంకెక్కడా అంత బాగా వినబడలేదు నాకు.

బాబాయి రెండు పాటలు నిలబడి విన్నాడు, తర్వాత కుర్చీ లాక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని ఒకటే, అంత గోలలోనూ గొంతు ముందుకి వినబడేలా చూడడం. ఈ ఆల్బమ్ సరిగ్గా దానికి ఎదురు. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ఆల్బమ్ అయిపోయాక అన్నాడు: "తెలియక చేసింది కాదమ్మా ఇది. పొరపాటైతే ఒక పాటలో అవుతుంది, పన్నెండు పాటల్లోనూ గొంతు ఒకే చోట ఉండదు. కావాలనే గిటార్‌లోకి తోశారు." కాసేపాగి ఇంకో మాట చెప్పాడు. "మైకు కీచుమనబోయే ముందు ఒక్క క్షణం ఉంటుంది చూడు, మేం ఉరికి వాల్యూం తగ్గించేది అప్పుడే. వీళ్లు ఆ క్షణాన్ని ఆపి పట్టుకున్నారు."

రికార్డింగ్‌లో లోపం ఉందా అన్న మీ ప్రశ్నకి నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.

శ్రుతి గురించి గొడవ పెట్టినవాడు మూడో శ్రోత, నా డిగ్రీ క్లాస్‌మేట్. ఒడియావాడు, గిటార్ బాగా వాయిస్తాడు. మొదటి పాటకే "ట్యూన్ చేసుకోకుండా రికార్డ్ చేశారు" అని హెడ్‌ఫోన్ తీసేశాడు. నిజంగా అలాగే అనిపిస్తుంది. కారణం ఏమిటంటే, కొన్ని ఎలక్ట్రిక్ గిటార్లకి తంతుల బిగువు మార్చే సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, ట్రెమొలో ఆర్మ్ అంటారు. చాలామంది దాన్ని పాటలో ఎక్కడో ఒక్కసారి నొక్కి వదిలేస్తారు. ఈ బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ దాన్ని చేతిలోంచి వదలకుండానే స్ట్రమ్ చేశాడు. దాంతో ప్రతి దెబ్బకీ కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, మొత్తం కొంచెం కిందకి జారి పైకి వస్తుంది. దీనికి గ్లైడ్ గిటార్ అని పేరు వచ్చింది. దానికి తోడు రివర్స్ రివర్బ్. మామూలు ఎకోలో శబ్దం మోగి సన్నగిల్లుతుంది, ఇందులో మెల్లగా ఉబ్బి ఠక్కున ఆగిపోతుంది. వందల గిటార్లు పేర్చారని చాలామంది అనుకుంటారు, షీల్డ్స్ మాత్రం జనం అనుకున్నంత లేవనే చెబుతూ వచ్చాడు.

కొందరు దీన్ని మన గమకంతో పోలుస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోను. గమకంలో స్వరం ఊగినా వెనక తంబూరా శ్రుతి కదలకుండా ఉంటుంది, మన చెవి దాన్ని పట్టుకుని నిలబడుతుంది. ఇక్కడ తంతులన్నీ కలిసి జారతాయి. గోపాలపురం బీచ్‌లో అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుందే, అలాంటి తూలింపు. కొంతమందికి వికారంగా ఉంటుంది, వాళ్లని తప్పు పట్టలేం. నా క్లాస్‌మేట్ కడ్డీ ఉన్న గిటార్ ఒకటి అరువు తెచ్చి నెల రోజులు ప్రయత్నించాడు. ఊపు కొంచెం ఎక్కువైనా పాట చెడుతుందని, చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో అప్పుడు తెలిసిందని చెప్పాడు. ట్యూన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక మాటలు అర్థం కాకపోవడం. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

అమ్మ పుట్టిల్లు సోంపేట. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి ఒడియా ఒక్క ముక్క రాదు. కార్తీకంలో తెల్లవారకముందే గుడి మైకులో జగన్నాథుడి భజనలు మొదలవుతాయి. ఇరవై ఏళ్లు విన్నది, ఇప్పటికీ సగం మాటలు తెలియవు, కానీ వంట చేస్తూ వాటినే కూనిరాగం తీస్తుంది. ఎక్కడ గొంతు జీరపోతుందో, ఎక్కడ పాడేవాడు కళ్లు మూసుకుని ఉంటాడో ఆమెకి తెలుసు. మా వీధిలో ఒడియా ఇళ్లవాళ్లు తెలుగు సినిమా పాటల్ని వినేదీ అలాగే. రాయగడ వైపు వెళ్లేటప్పుడు సంతల దగ్గర సవర పాటలు వినబడతాయి, అవి మాకు అర్థం కావు, బస్సు ఆగితే మాత్రం కిటికీ తెరుస్తాం. సరిహద్దు ఊళ్లో పెరిగినవాళ్లకి మాట అందకుండా గొంతు అందడం కొత్త కాదు. మాట అందనప్పుడు పాట మనల్ని బయట నిలబెట్టిందని మీరు అనుకుంటున్నారు. నేను అలా వినను. అర్థం చెప్పాల్సిన బరువు లేకపోతే గొంతులో ఇంకేముందో వినబడుతుంది. అమ్మకి నిద్ర వినబడింది కదా.

అయితే పదాలు పనికిరావని కాదు. ఈ ఆల్బమ్‌కి పదాలున్నాయి, తర్వాత చదువుకోవచ్చు. ముందే తెరిచి పెట్టుకుంటే కన్ను చెవిని లాగేస్తుంది.

1988 నవంబరులో క్రియేషన్ రికార్డ్స్ దీన్ని విడుదల చేసినప్పుడు బ్రిటన్‌లో పత్రికలు బాగానే మెచ్చుకున్నాయి, చిన్న రికార్డు సంస్థల ఇండీ చార్టులో పైకి వెళ్లింది. దాని వెనకే ఆక్స్‌ఫర్డ్‌లో రైడ్, రెడింగ్‌లో స్లోడైవ్ లాంటి బ్యాండ్లు వచ్చాయి. షూగేజ్ అన్న పేరు తర్వాత పుట్టింది, అదీ ఎగతాళిగా, స్టేజీ మీద తలెత్తకుండా కాళ్ల దగ్గర గిటార్ శబ్దం మార్చే పెడల్స్‌నే చూస్తారని. ఎగతాళి ముదిరి తిట్లయింది. స్లోడైవ్ 1993 ఆల్బమ్‌ని మళ్లీ వినడం కన్నా జావ నిండిన తొట్టెలో మునిగిపోవడం నయమని ఒక విమర్శకుడు రాశాడు. 1995లో మూడో ఆల్బమ్ తర్వాత వాళ్ల కంపెనీ వదిలేసింది, బ్యాండ్ చెదిరిపోయింది. మళ్లీ కలిసింది 2014లో. అప్పుడు తిట్లు తిన్న ఆల్బమ్ కోసమే ఇప్పుడు మా వయసువాళ్లు ఆ బ్యాండ్‌ని వెతుక్కుంటున్నారు.

నాకు నచ్చనివీ చెప్పాలి. రెండో సగంలో రెండు మూడు పాటలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టుంటాయి, ఇప్పటికీ దాటేస్తాను. ఈ మధ్య వస్తున్న కొన్ని బ్యాండ్లయితే ఎకో కింద పాటే ఉండదు. ఇక్కడ పాట ఉంది, అందుకే అమ్మ కూనిరాగం తీయగలిగింది.

ఫోన్ స్పీకర్ మీద విని తేల్చకండి. బేస్ వినబడే హెడ్‌ఫోన్ గానీ, తెలిసినవాళ్ల బాక్సులు గానీ చూసుకోండి. మొదటి పాట కాకుండా రెండోదీ ఆరోదీ ముందు వినండి. కానీ వాల్యూం పెంచితేనే అర్థమవుతుందనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఈ బ్యాండ్ కచేరీల్లో ఒక పాట మధ్య రొదని పావుగంట పైన సాగదీస్తారు, అందుకని వచ్చినవాళ్లకి చెవిలో పెట్టుకునే ప్లగ్గులు వాళ్లే పంచారు. బాబాయికి కుడి చెవి సరిగ్గా వినబడదు, మైక్ సెట్ పని వల్లే. ఇంట్లో వినడానికి సగం వాల్యూం చాలు.

నచ్చితే 1991లో వచ్చిన ‘లవ్‌లెస్’కి వెళ్లండి. అది ఇంకా దట్టంగా ఉంటుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం. అమ్మ మాత్రం అందులో ఆ గొంతు మరీ దూరమైపోయిందని, ‘నిద్ర పిల్ల పాట’ పెట్టమని ఇప్పటికీ మొదటిదే అడుగుతుంది.