విదేశాల నుంచి కెమెరా లెన్స్ కొనేవారికి: దిగుమతి సుంకం, కొరియర్ రుసుముపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: విదేశంలో ఉన్న ఒక విక్రేత నుంచి వాడిన 85 ఎంఎం లెన్స్ కొన్నాను. లెన్స్ ధర, రవాణా ఖర్చు ముందే చెల్లించాను. దిగుమతి సుంకం ఎంత శాతమో, దానిపై వచ్చే పన్ను ఎంత శాతమో కనుక్కుని, రెండూ కూడి ఆ సొమ్మును విడిగా ఉంచుకున్నాను. తీరా పార్సెల్ వచ్చాక కొరియర్ సంస్థ అంతకంటే ఎక్కువ అడిగింది. బిల్లులో 'ముందస్తు చెల్లింపు రుసుము' అనే మరో పద్దు కూడా ఉంది. నా లెక్క ఎక్కడ తప్పింది? ఆ రుసుము కట్టక తప్పదా?

జవాబు: శాతాలను మీరు సరిగానే తెలుసుకున్నారు. అవి ఏ మొత్తంమీద పడతాయన్న దగ్గర పొరపాటు జరిగింది. చాలా దేశాల్లో కస్టమ్స్ అధికారులు సుంకాన్ని లెన్స్ ధర ఒక్కదానిమీదే కాక, ఆ ధరకు రవాణా ఖర్చునూ బీమానూ కలిపిన మొత్తంమీద లెక్కిస్తారు. వ్యాపార పరిభాషలో దీన్ని సీఐఎఫ్ విలువ అంటారు. అమెరికా వంటి కొన్ని దేశాలు మాత్రం అంతర్జాతీయ రవాణా ఖర్చును ఇందులో చేర్చవు. ఇక విలువ ఆధారిత పన్ను గాని, వస్తు సేవల పన్ను గాని ఉన్న దేశాల్లో, ఆ పన్నును సాధారణంగా సుంకం కూడా చేరిన తరువాతి మొత్తంమీద వేస్తారు. అంటే మీరు కట్టిన సుంకంమీద కూడా పన్ను పడుతుందన్నమాట.

ఉదాహరణకు లెన్స్ ధర 1000, రవాణా ఖర్చు 80, బీమా 20 అనుకుందాం. ఏ దేశపు డబ్బు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. సుంకం 5 శాతం, పన్ను 20 శాతం అనుకుంటే, మీలాగే చాలామంది రెండింటినీ కూడి 1000మీద 250 అవుతుందని అంచనా వేస్తారు. నిజానికి సుంకం 1100మీద పడి 55 అవుతుంది. పన్ను 1155మీద పడి 231 అవుతుంది. మొత్తం 286. దీనికి తోడు, విదేశీ డబ్బును మన డబ్బులోకి మార్చేటప్పుడు కస్టమ్స్ శాఖ తాను ప్రకటించిన మారకపు రేటునే వాడుతుంది కాబట్టి, మీ బ్యాంకు కార్డుమీద పడిన రేటుతో అది సరిపోలకపోవచ్చు.

ముందస్తు చెల్లింపు రుసుము ప్రభుత్వానికి చేరేది కాదు. పార్సెల్ సరిహద్దు దగ్గర ఆగిపోకుండా కొరియర్ సంస్థ మీ తరఫున సుంకాన్నీ పన్నునూ తానే ముందు కట్టేస్తుంది. అలా కట్టినందుకు తీసుకునే ప్రతిఫలమే ఈ రుసుము. చాలా సంస్థలు దీనికి ఒక కనీస మొత్తాన్ని నిర్ణయించి, కట్టిన సుంకంలో కొంత శాతం అంతకు మించితే ఆ శాతాన్నే వసూలు చేస్తాయి. కొన్నిచోట్ల ఈ రుసుముమీద కూడా పన్ను ఉంటుంది. ఇది మోసమని చాలామంది కోపగించుకుంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే కొనేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. అయినా ఆ సంస్థ ప్రచురించిన రుసుముల పట్టికలో అది ఉన్నంతవరకు కట్టక తప్పదు. పార్సెల్ ఇంటికి చేరకముందే సుంకాన్ని ఆన్‌లైన్‌లో చెల్లించే అవకాశం ఆ సంస్థ ఇస్తోందేమో చూడండి. కొన్ని సంస్థలు అలా చెల్లించినవారికి ఈ రుసుమును తగ్గిస్తాయి లేదా వదిలేస్తాయి.

ఇకమీదట కొనేముందు విక్రేతను ఒక్క ప్రశ్న అడగండి: పార్సెల్ పంపేది డీడీపీ పద్ధతిలోనా, డీఏపీ పద్ధతిలోనా? డీడీపీ అయితే సుంకాలన్నీ విక్రేతే భరించి, ఆ సొమ్మును ముందే ధరలో కలుపుతాడు. డీఏపీ అయితే వస్తువు మీ గుమ్మం దాకా వస్తుంది గాని సుంకం, పన్ను మీ బాధ్యత. 'రవాణా ఉచితం' అన్న మాటకు సుంకంతో ఏ సంబంధమూ లేదు. నా సలహా ఏమిటంటే, తక్కువ ధర మాన్యువల్ లెన్స్‌ను (చేత్తో ఫోకస్ చేసేదాన్ని) పోస్టు ద్వారా తెప్పించుకోవడమే మేలు. పోస్టల్ శాఖ తీసుకునే నిర్వహణ రుసుము సాధారణంగా కొరియర్ కనీస రుసుముకంటే తక్కువగా ఉంటుంది. ఖరీదైన లెన్స్ విషయంలో మాత్రం ఆ కాస్త తేడా కోసం చూడకుండా, పూర్తి విలువకు బీమా ఇచ్చే మార్గాన్నే ఎంచుకోండి.

బిల్లు కట్టేముందు అందులోని విలువను, ఏ దేశపు డబ్బులో రాశారో, ఏ వర్గీకరణ సంఖ్య (వస్తువు రకాన్ని తెలిపే కస్టమ్స్ సంఖ్య) వేశారో మీ ఇన్వాయిస్‌తో పోల్చి చూడండి. తప్పు కనిపిస్తే వెంటనే కొరియర్ సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. ఇలాంటి సవరణలకు గడువు ఉంటుంది, కాబట్టి ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: నేను కొనబోతున్న జూమ్ లెన్స్ పార్సెల్‌మీద 'బహుమతి' అని రాసి, విలువను అసలు ధరలో పదోవంతుగా చూపిస్తానని విక్రేత అంటున్నాడు. అందరూ చేసేదే కదా అని నాకూ అనిపిస్తోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. డబ్బు ఇచ్చి కొన్న వస్తువు బహుమతి కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ కస్టమ్స్ విలువ ఒప్పందం ప్రకారం, విలువ కట్టడానికి తొలి ఆధారం ఆ వస్తువుకు నిజంగా చెల్లించిన, లేదా చెల్లించవలసిన ధర. తప్పుడు విలువ రాసింది విక్రేతే అయినా, దిగుమతిదారుగా జవాబు చెప్పుకోవలసినవారు మీరే. ప్రసిద్ధమైన లెన్స్ మార్కెట్‌లో ఎంత పలుకుతుందో అధికారి క్షణంలో చూసుకోగలడు. అనుమానం వస్తే పార్సెల్‌ను ఆపి, డబ్బు చెల్లించిన రుజువు అడుగుతాడు. అప్పుడు జరిమానా పడవచ్చు, వస్తువును జప్తు చేయవచ్చు కూడా.

చట్టం సంగతి పక్కన పెట్టినా మీకే నష్టం. దారిలో లెన్స్ పగిలినా, పోయినా పరిహారం సాధారణంగా ప్రకటించిన విలువకు మించి రాదు. 1000 విలువైన లెన్స్‌కు 100 అని రాయించుకుంటే మీ చేతికి వచ్చేది ఆ 100 మాత్రమే. లెన్స్ నచ్చక తిరిగి పంపినప్పుడు కూడా ఈ అంకెల తేడా మీకే అడ్డుపడుతుంది.

వాడిన లెన్స్ కొనేవారికి న్యాయంగా దక్కే వెసులుబాటు ఒకటి ఉంది. విలువ కట్టేది మీరు చెల్లించిన ధరమీదే తప్ప, అదే లెన్స్ కొత్తది దుకాణంలో ఎంత పలుకుతుందన్నదానిమీద కాదు. అందుకని ఇన్వాయిస్‌లో 'వాడినది' అని, మౌంట్ (కెమెరాకు బిగించే అమరిక), మోడల్, సీరియల్ సంఖ్య, అద్దాలమీద గీతలు లేదా ఫంగస్ ఉంటే ఆ సంగతీ స్పష్టంగా రాయమని విక్రేతను కోరండి. ధర ఎందుకు తక్కువో ఆ వివరాలే చెబుతాయి. డబ్బు చెల్లించిన రశీదు, విక్రేతతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: తక్కువ విలువ పార్సెళ్లకు సుంకం, పన్ను ఉండవని విన్నాను. ఒక పాత లెన్స్‌ను ఆ నమ్మకంతోనే తెప్పించుకోవాలనుకుంటున్నాను.

జవాబు: మీరు విన్నది ఒకప్పటి మాట. ఆ మినహాయింపులు ఒక్కొక్కటిగా తొలగిపోతున్నాయి. ఆస్ట్రేలియాలో 2018 జులై 1 నుంచి 1000 ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు వస్తువులకు కూడా వస్తు సేవల పన్ను వర్తిస్తోంది. ఐరోపా సమాఖ్యలో 22 యూరోల లోపు పార్సెళ్లకు ఉన్న పన్ను మినహాయింపు 2021 జులై 1న రద్దయింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల పార్సెళ్లకూ నిలిపివేసింది. కాబట్టి పాత సమాచారాన్ని నమ్మకుండా, వస్తువు చేరే దేశపు కస్టమ్స్ శాఖ ఈ నెలలో ఏమి చెబుతోందో చూసుకోండి.

ఈ మార్పుతో కొత్త చిక్కు ఒకటి వచ్చింది. కొన్ని దేశాల్లో తక్కువ విలువ వస్తువులమీద పన్నును ఆన్‌లైన్ అమ్మకపు వేదికే కొనుగోలు సమయంలో వసూలు చేస్తుంది. ఆ సమాచారం పార్సెల్ పత్రాల్లో సరిగా నమోదు కాకపోతే అదే పన్నును గుమ్మం దగ్గర మళ్లీ అడుగుతారు. పన్ను విడిగా చూపిన ఇన్వాయిస్ మీ దగ్గర ఉంటే రెండోసారి కట్టిన సొమ్మును తిరిగి కోరవచ్చు. అది లేకపోతే చాలా కష్టం.

ప్రశ్న: హాంకాంగ్‌లోని విక్రేత జపాన్‌లో తయారైన లెన్స్ అమ్ముతున్నాడు. సుంకం ఏ దేశాన్ని బట్టి ఉంటుంది?

జవాబు: తయారైన దేశాన్ని బట్టి. పార్సెల్ ఎక్కడి నుంచి బయలుదేరిందన్నది రవాణా ఖర్చును నిర్ణయిస్తుంది గాని సుంకం రేటును కాదు. కెమెరాకు బిగించే లెన్స్‌కు ప్రపంచ కస్టమ్స్ సంస్థ వర్గీకరణలో 9002.11 అనే సంఖ్య ఉంది. ఈ 6 అంకెలు ఆ వర్గీకరణను పాటించే దేశాలన్నింటిలోనూ ఒకటే. ఆ తరువాతి అంకెలు, రేటు ఏ దేశానికి ఆ దేశం పెట్టుకుంటుంది. రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ఉన్నా దాని కింద దక్కే సుంకం రాయితీ తనంతట తాను రాదు. లెన్స్ ఏ దేశంలో తయారైందో రుజువు కావాలి, చాలా ఒప్పందాల్లో సరుకు రవాణా అయిన మార్గానికీ షరతులు ఉంటాయి. మూడో దేశం నుంచి వచ్చే ఒక్క లెన్స్‌కు ఆ రాయితీ దొరుకుతుందని లెక్కవేసుకోకండి.

ప్రశ్న: విదేశం నుంచి కొన్న లెన్స్‌లో ఫోకస్ లోపం ఉంది. మరమ్మతు కోసం తిరిగి పంపితే, వచ్చేటప్పుడు మళ్లీ సుంకం కట్టాలా?

జవాబు: పంపేముందు కాగితాలు సరిచూసుకుంటే చాలా దేశాల్లో లెన్స్ పూర్తి విలువమీద మళ్లీ కట్టవలసిన అవసరం ఉండదు. మరమ్మతు కోసం తాత్కాలికంగా బయటికి పంపుతున్నట్టు, సీరియల్ సంఖ్యతో సహా, ఎగుమతి సమయంలోనే కస్టమ్స్ వద్ద నమోదు చేయించండి. తిరిగి వచ్చినప్పుడు మరమ్మతు ఖర్చుమీద మాత్రమే సుంకం వేసే దేశాలున్నాయి. వారంటీ కింద ఉచితంగా చేసినదానికి మినహాయింపు ఇచ్చేవీ ఉన్నాయి. నమోదు లేకుండా పంపితే, తిరిగి వచ్చే లెన్స్ మీరు ముందు కొన్నదేనని నిరూపించడం చాలా కష్టం. మరమ్మతు వద్దనుకుని లెన్స్‌ను పూర్తిగా వాపసు చేసేస్తే, మొదట కట్టిన సుంకాన్ని తిరిగి కోరే విధానం చాలా దేశాల్లో ఉంది. అందుకు మొదటి దిగుమతి పత్రం, వాపసు పంపిన రుజువు రెండూ కావాలి. కొరియర్ తీసుకున్న ముందస్తు రుసుము మాత్రం సాధారణంగా వెనక్కి రాదు.