మీ అమ్మాయికి నిజం చెప్పండి, మిగతాది ఆమె నాన్న చెప్తారు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మావారు ఆర్మీలో హవల్దార్. కొన్నేళ్లు నాగాలాండ్‌లో పనిచేశారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయితో క్లాసులో ఒకబ్బాయి, "అక్కడ కూలీల్ని కాల్చి చంపినా మీ నాన్నవాళ్ల మీద కేసుండదుగా" అన్నాడట. ఆయన లీవులో వచ్చినప్పుడు భోజనాల దగ్గర "నువ్వూ అలాంటివి చేశావా నాన్నా?" అని అడిగేసింది. ఆయన సగం అన్నం వదిలేసి, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. డ్యూటీకి వెళ్లాక ఫోన్లో నాతోనే మాట్లాడతారు. అదంతా ఫేక్ న్యూస్ అని దానికి చెప్పాను, నమ్మట్లేదు. చుట్టాలేమో పెళ్లిళ్లలో "ఎంతమందిని లేపేశావు బావా?" అని నవ్వుతారు. టెన్షన్‌తో వాట్సాప్‌లో ఆయన యూనిఫాం ఫొటో కూడా తీసేశాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ "ఫేక్" అన్న మాట వెనక్కి తీసుకోండి. అది నిజంగా జరిగింది. 2021 డిసెంబర్ 4, శనివారం. నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో బొగ్గు గని పని ముగించుకుని కూలీలు సాయంత్రం పికప్ బండిలో ఓటింగ్ అనే తమ ఊరికి బయల్దేరారు. తీవ్రవాదులు వస్తున్నారన్న సమాచారంతో దారి కాచిన ఆర్మీ కమాండోలు ఆ బండి మీద కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లకూ జవాన్లకూ జరిగిన గొడవలో ఇంకో ఏడుగురు, ఒక జవాను పోయారు. మర్నాడు మోన్ పట్టణంలో మరొకరు. ఎవరో అనుకుని పొరపాటున కాల్చారని హోం మంత్రే పార్లమెంటులో చెప్పారు. ఫోన్లో రెండు నిమిషాల్లో ఇదంతా చూసేయగల పిల్లకి అబద్ధమని చెప్తే, అమ్మ దాస్తోందంటే నాన్న ఏదో చేసే ఉంటాడనుకుంటుంది.

ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో కొంత నిజముంది. నాగాలాండ్ పోలీసులు 30 మంది ఆర్మీవాళ్ల మీద చార్జిషీటు వేశారు. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం వాళ్లను విచారించాలంటే కేంద్రం అనుమతి కావాలి. కేంద్రం ఇవ్వలేదు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు ఆపేసింది, అనుమతి వస్తే మళ్లీ నడపొచ్చంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. బహిరంగంగా విచారణ జరిగి ఎవరి తప్పెంతో తేలితే, తప్పు చేసినవాడి పేరు మీదే మచ్చ ఉంటుంది. తేలకపోతే అది యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ అంటుకుంటుంది. ఆ రోజు ఇంకెక్కడో కాపలా కాస్తున్నవాళ్లకీ, ఇక్కడ డిగ్రీ చదువుతున్న వాళ్ల పిల్లలకీ కూడా. సైన్యం పరువు కోసం విచారణ వద్దనేవాళ్లు ఈ పిల్లల గురించి ఆలోచించాలి.

మచిల్ సంగతి కూడా మీ అమ్మాయికి చెప్పండి. 2010లో కశ్మీర్‌లో ముగ్గురు యువకుల్ని ఉద్యోగాలిప్పిస్తామని తీసుకెళ్లి కాల్చేసి, చొరబాటుదారులని రాసేశారు. ఆర్మీయే కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) జరిపి ఐదుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017లో సాయుధ బలగాల ట్రైబ్యునల్ ఆ శిక్షను నిలిపేసి బెయిల్ ఇచ్చింది, నిజమే. అయినా అది నేరమని గట్టిగా అన్నవాళ్లూ యూనిఫాంలో ఉన్నవాళ్లే.

మీవారిని వెనకేసుకురావడానికి మీరు ఆ కాల్పుల్ని వెనకేసుకురానక్కర్లేదమ్మా. ఓటింగ్ తల్లుల కోసం మీ అమ్మాయి బాధపడితే అది వాళ్ల నాన్నను అవమానించడం కాదు.

ఓటింగ్ ఘటన జరిగిన నాలుగు రోజులకే, డిసెంబర్ 8న, త్రివిధ దళాల అధిపతి జనరల్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మన అప్పటి చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. ఒకే వారంలో, అదే యూనిఫాం చూసి మోన్ వణికిపోయింది, మనం దండం పెట్టాం. ఎదురుగా ఉన్న మనిషిని రెండు చోట్లా ఎవరూ చూడలేదు. ఇంటింటా జవాన్లుండే మిలటరీ మాధవరం లాంటి ఊరున్న జిల్లా మీది, మీకు నేను చెప్పాలా? లీవు దొరక్క చెల్లెలి పెళ్లికి రాలేకపోయినవాడూ, మోకాళ్ల నొప్పితో సెంట్రీ డ్యూటీ చేసేవాడూ జవానే.

ఇక మీవారి సంగతి. ఆయన అక్కడ ఏం చేశారో నాకు తెలియదు, మీకూ అంతా తెలియకపోవచ్చు. అన్నం మీద నుంచి లేచిపోవడం తప్పు ఒప్పుకోవడం కాదు, కానీ అది పిల్లకి జవాబూ కాదు. "పరాయివాడి మాట వినేసి ఊరుకోకుండా నిన్నే అడిగింది, నీ నోటితో వినాలనుకుంటోంది" అని ఆయనకు చెప్పండి. మీ అమ్మాయిని కూడా అడిగే తీరు మార్చుకోమనండి. "బండి ఆపమంటే ఆగకపోతే మీరేం చేస్తారు నాన్నా? కాల్చమని ఎవరు చెప్తారు?" అని అడగమనండి. ఆ ప్రత్యేకాధికారాల చట్టం కింద పనిచేసే జవాన్లకు చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి రాసిచ్చిన నియమాలున్నాయి. వాటిని పాటించి తీరాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. తన పని గురించి అడిగితే ఆయన మాట్లాడగలరు. ఓటింగ్ మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోయినా మధ్యలోకి వెళ్లకండి. ఇద్దరూ మాట్లాడుకున్నాక, ఫొటో పెట్టాలో వద్దో అప్పుడు చూసుకోవచ్చు. ఆయన నిద్రలో ఉలిక్కిపడి లేవడం, చిన్నదానికే అరవడం ఉంటే మాత్రం యూనిట్ డాక్టర్ని కలవమనండి. ప్రమోషన్ పోతుందని దాచుకోనివ్వకండి.

చుట్టాలకు మీరే జవాబు చెప్పండి. ఈసారి ఎవరైనా ఆ వెకిలి ప్రశ్న వేస్తే నవ్వి ఊరుకోకండి. "మనుషుల్ని చంపడం లెక్కపెట్టి గొప్పలు చెప్పుకునే విషయం కాదు, ఆయన్ని ఇంకెప్పుడూ అలా అడగొద్దు" అని మీ అమ్మాయి వింటుండగానే అనండి.