డాబా మీద కుండీల్లో శనగ రకాలు వేసి బెట్టను తట్టుకునేది ఏదో తేల్చవచ్చా?

వైజాగ్‌లో డాబా మీద పది అంగుళాల కుండీల్లో నాలుగు శనగ రకాలు వేసి, పూత దశలో నీళ్లు ఆపేస్తే చాలా అని అడిగారు. చాలదు. ప్రాజెక్టు కోసం నేనూ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద సరిగ్గా ఇదే చేసి దెబ్బతిన్నాను.

అన్నెగిరి, జేజీ 11, కాక్ 2, ఐసీసీ 4958 వేశాను. నీళ్లు ఆపాక అన్నిటికంటే ముందు వాడిపోయింది ఐసీసీ 4958. లోతైన వేళ్లకు ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పరిశోధనల్లో పేరుమోసిన రకమే అది! రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి కుండీ బోర్లించి చూస్తే వేళ్లన్నీ అడుగున చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. లోతుకు దిగి అక్కడి తేమ తాగడం దాని బలం. లోతే లేని చోట ఏం చేస్తుంది పాపం?

పర్చూరు వైపు మా మేనమామ నల్లరేగడిలో శనగ వేస్తాడు. వానలు వెనకబట్టాక విత్తడం, నేలలో మిగిలిన తేమ మీదే పంట తీయడం. కాయ ఊరే వేళకు పైమట్టి నెర్రెలిస్తుంది, తేమ కింద ఎక్కడో ఉంటుంది. శనగకు బెట్ట అంటే అసలు ఇదీ. అందుకే ఇక్రిశాట్‌లో వేళ్లను చూడటానికి దాదాపు 120 సెంటీమీటర్ల పొడవున్న పీవీసీ గొట్టాలు వాడారు. మీరూ ప్లంబింగ్ షాపులో వెడల్పాటి పైపు ముక్కలు కోయించుకోండి. రకాలు రెండే అయినా ఫర్వాలేదు, ఒక్కోదానికి నాలుగైదు పైపులు ఉండాలి. అందులో సగానికి చివరిదాకా నీళ్లు పోయాలి. ఆ పోలిక లేకపోతే పరీక్షే లేదు.

ఇంకో చోట బోల్తా పడతారు. ప్రతి మొక్కకూ మొదటి పువ్వు తేదీ రాయండి. ముందే పూసి, తేమ అయిపోయేలోపే కాయ నింపుకున్న రకం బెట్టను తప్పించుకున్నట్టు, తట్టుకున్నట్టు కాదు. రైతుకు రెండూ లాభమే గానీ, మీ రిపోర్టులో రెండూ ఒకటే అని రాస్తే గైడ్ ఒప్పుకోరు.

దిగుబడి తగ్గిన శాతం ఒక్కటే చూసినా తప్పే. నీళ్లున్నప్పుడు 20 గ్రాములిచ్చి బెట్టలో 12కి పడిపోయిన మొక్క, 10 నుంచి 8కి తగ్గినదానికంటే నాసి అనిపిస్తుంది. గింజలు మాత్రం మొదటిదే ఎక్కువ ఇచ్చింది కదా.

మన ఊరి సంగతీ ఉంది. అక్టోబరులో విత్తితే తుపాను వాన ఒక్క రాత్రిలో మీ బెట్టను కడిగేస్తుంది. నవంబరు మధ్యలో విత్తండి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పు కట్టండి, పక్కలు మాత్రం మూయకండి. సముద్రపు గాలి తేమకు మట్టి నెమ్మదిగా ఆరుతుంది. కాబట్టి 'పది రోజులు నీళ్లు ఆపాను' అని రాస్తే అర్థం లేదు. పైపుల్ని కాటా మీద తూచి ఎంత నీరు పోయిందో రాయండి. నిండు పైపు ఎత్తడానికి మాత్రం ఇద్దరు కావాలి.

కోతప్పుడు తాలు కాయల్ని పారేయకండి, విడిగా లెక్కపెట్టండి. నేను అవి ఊడ్చేశాక గైడ్ అడిగిన మొదటి ప్రశ్న వాటి గురించే.