వైవిధ్యమా, అస్థిరతా?

సందేహం: మా బడి గోడపత్రికకు ఒక విద్యార్థిని "క్వేజార్ల నుంచి వెలువడే వాయు ప్రవాహాలలో కాలానుగుణ వైవిధ్యం కనిపిస్తుంది" అని రాసింది. తోటి ఉపాధ్యాయులొకరు 'వైవిధ్యం' కొట్టేసి 'అస్థిరత' అని దిద్దారు. ఏది సరైనది?
– ఒక సైన్సు ఉపాధ్యాయిని, బొబ్బిలి

సమాధానం: ఇక్కడ రెండూ పొసగవు.

ఒకే కాలంలో ఉన్న అనేక వస్తువుల మధ్య కనిపించే భేదం వైవిధ్యం. నాగావళి తీరు వేరు, వంశధార తీరు వేరు అంటే అది వైవిధ్యం. వేసవిలో ఇసుక మేటల నడుమ సన్నని పాయగా పారిన నాగావళే, పైన ఒడిశా కొండల్లో కురిసిన వానకు శ్రీకాకుళం వంతెన కింద రెండు గట్లూ ఒరుసుకుంటూ ఎర్రగా పారితే దానిని వైవిధ్యమని ఎవరూ అనరు, నీరు హెచ్చిందంటారు. ఇక 'అస్థిరత' నిలకడ లేని స్వభావాన్ని ఎత్తిచూపే మాట, ప్రభుత్వాల విషయంలో వాడేది.

క్వేజార్లలో జరిగేది చూడండి. గెలాక్సీ నడుమనున్న భారీ కృష్ణబిలం చుట్టూ సుడి తిరిగే పదార్థం వేడెక్కి వెలగడమే క్వేజార్. అక్కడి నుంచి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో, కొన్నింటిలో కాంతివేగంలో పదో వంతుతో, ఎగదన్నుకొస్తుంది. ఆ వాయువు తన వెనుక నుంచి వచ్చే కాంతిలో కొంత మింగివేయడం వల్ల కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటంలో పల్లాలు, అంటే వెలుగు తగ్గిన చోట్లు, పడతాయి. అదే క్వేజార్‌ను కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ చూస్తే ఆ పల్లం లోతెక్కి ఉండవచ్చు, పూడుకుపోయి ఉండవచ్చు, ఒక్కోసారి మాయమై ఉండవచ్చు. వాయుమేఘం మన చూపుకు అడ్డం వచ్చి తొలగిపోవడం ఇందుకు ఒక కారణం. కేంద్రం నుంచి వచ్చే వెలుగు మారి, వాయువులోని కార్బన్ వంటి పరమాణువుల అయాన్ స్థితి, అంటే వాటి నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడాయన్నది, మారి అవి మింగే కాంతి మారడం మరొకటి. అంటే హెచ్చుతగ్గులు కనిపించేది కాంతిని మింగడంలో; ప్రవాహమే పెరిగిందనో తగ్గిందనో దానినిబట్టి చెప్పలేము. కనుక 'ప్రవాహాలలో' అన్న మాటనూ సవరించక తప్పదు.

'కాలానుగుణం' అంటే కాలానికి తగినట్టుగా అని. పంటలకు, పండుగలకు అది నప్పుతుంది. 'కాలక్రమేణా' అన్నా కుదరదు, రాయి అరిగినట్టు ఒకే దిక్కుగా సాగే మార్పు అందులో ధ్వనిస్తుంది. 'ఆటుపోట్లు' వినసొంపుగా ఉన్నా, కళింగపట్నం జాలరికి పోటు వేళ ముందే తెలుసు, ఈ మార్పులకు అటువంటి వేళ లేదు.

"క్వేజార్ల నుంచి వెలువడే వాయువు కాంతిని మింగే మోతాదులో నెలల, ఏళ్ల వ్యవధిలో హెచ్చుతగ్గులు కనిపిస్తాయి" అని రాయించండి. పారిభాషిక పదమే కావాలంటే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రానికి 'చర తార' వాడుకలో ఉంది గనుక, కాంతిని మింగడమనే శోషణకు దానిని జోడించి 'శోషణ చరత్వం' అనవచ్చు. గోడపత్రికకు అంత అవసరం లేదు.

అమ్మాయి రాసిన 'వెలువడే' మాత్రం చక్కని మాట. దానిని 'బహిర్గతమయ్యే' అని ఎవరూ దిద్దకుండా చూడండి. బహిర్గతమయ్యేది రహస్యం, వాయువు కాదు.