ఉర్దూ రాకపోతే ఆ సంఘంలో నాకు చోటు లేదా?

ప్రశ్న: అన్నా, మాది పీలేరు దగ్గర పల్లె. తిరుపతిలో పీజీ మొదటి సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నా. మేం దూదేకుల వాళ్ళం, నాయన పరుపులు కుడతాడు, ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. క్యాంపస్‌లో ముస్లిం పిల్లలం ఇరవై మంది దాకా ఉన్నాం. రంజాన్‌లో కలిసి ఇఫ్తార్ చేశాం, ఇప్పుడు సంఘం పెట్టుకుందాం అంటున్నారు. అక్కడ మాటలన్నీ ఉర్దూలోనే, నాకు సగం అర్థం కావు. ఒకడు నవ్వుతూనే 'నువ్వు సగం ముసల్మానువి' అన్నాడు. ఇటు క్లాసులో ఫ్రెండ్సేమో 'నువ్వూ వాళ్ళల్లో కలిసిపోతున్నావా' అంటున్నారు. చేరాలా, వదిలేయాలా?

జవాబు: చేరు తమ్ముడూ. చేరి, మొదటి మీటింగ్‌లోనే 'తెలుగులో మాట్లాడుకుందాం, నాకు ఉర్దూ అంతగా రాదు' అని అడుగు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నమాజు చదివేది అరబీలో, ఉర్దూలో కాదు కదా. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగు చేసి తరాలు గడిచిపోయాయి. మీ దూదేకుల సిద్దయ్య బ్రహ్మంగారి శిష్యుడై తెలుగులో తత్వాలు చెప్పాడు, షేక్ చినమౌలానా నాదస్వరానికి పద్మశ్రీ అందుకున్నాడు. ఇంత ఉన్న వాళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని 'సగం' అనడం నాకు నిజంగా బాధగా ఉంది. అన్నవాడు చెడ్డవాడని కాదు, వాడికి తెలియదు. పక్కకు పిలిచి, నొచ్చుకున్నానని ఒక్కసారి నేరుగా చెప్పు, చాలా మంది అక్కడితో మారతారు.

ఇక సంఘం ఏం చేయాలనేది. రంజాన్‌లో ఒక ఇఫ్తార్ పెట్టి ఫొటో దిగి మళ్ళీ ఏడాది దాకా కనపడకపోతే అది ఎందుకూ పనికిరాదు. నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్ మెస్సులో తెల్లవారుజామున ఏమీ ఉండేది కాదు. రాత్రి చపాతీలు రెండు కాగితంలో చుట్టి దాచుకునేవాళ్ళం, నాలుగున్నరకు లేచి ఆ అట్టల్లాంటి చపాతీలు నీళ్ళతో మింగి రోజా, అంటే పగటి ఉపవాసం, పట్టేవాళ్ళం. తర్వాతి ఏడు మా సీనియర్ ఒకాయన పేర్లన్నీ రాసి, ఎన్ని రోజులు, ఎంతమందికి, ఏ టైముకు కావాలో వివరంగా వార్డెన్‌కు కాగితం ఇచ్చాడు. రాత్రి వండిన అన్నం, పెరుగు విడిగా మూతపెట్టి ఉంచడానికి ఒప్పుకున్నారు. అంతకు ముందు ఎవరూ అడగలేదట! రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2027లో ఫిబ్రవరి రెండో వారంలోనే వస్తుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ. మీరు జనవరిలోనే కాగితం ఇవ్వండి. జుమా రోజు, అంటే శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళకు ల్యాబ్ పడితే కూడా సెమిస్టర్ మొదట్లోనే సార్‌తో మాట్లాడండి. చెప్పకుండా మానేసి తర్వాత అటెండెన్స్ కోసం తిరగడం కంటే అది చాలా నయం.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఇఫ్తార్ ఖర్చు నేను పెడతా, నా ఫ్లెక్సీ కట్టండి అనే నాయకుడు తప్పకుండా వస్తాడు, వద్దనండి. తలా కొంత వేసుకుని ఖర్జూరాలు, పండ్లు, మన చిత్తూరు వైపు మసీదుల్లో పోసే గంజి, అంతే చాలు. జకాత్ డబ్బు, అంటే ఉన్నవాళ్ళు విధిగా తీసే దానం, మాత్రం అందులో కలపకండి. అది బీదవాళ్ళ హక్కు, మీలో ఫీజు కట్టలేని పిల్లవాడికి ఇవ్వండి, అదీ పదిమందికి తెలియకుండా.

సర్టిఫికెట్ల పని కూడా మీదే అనుకోండి. ముస్లింలలో కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్, దూదేకులు మాత్రం బీసీ-బి కిందికి వస్తారు. ఈ తేడా తెలియక ఫారం తప్పుగా నింపి స్కాలర్‌షిప్ కోసం నెలల తరబడి తిరిగే పిల్లలున్నారు. అడ్మిషన్ల రోజుల్లో సంఘం నుంచి ఇద్దరు అక్కడ కూర్చుని ఫారాలు చూసిపెడితే ఏ మతం పిల్లలైనా మీ దగ్గరికే వస్తారు, క్లాసు ఫ్రెండ్స్ మాటకు అదే జవాబు. వాళ్ళను వదులుకోకు. ఎన్ఎస్ఎస్, డిపార్ట్‌మెంట్ పనులు ఏవీ మానకు, ఇఫ్తార్‌కు వాళ్ళనూ పిలువు. నవంబర్ 11 మౌలానా ఆజాద్ పుట్టినరోజు, 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవం. దేశపు మొదటి విద్యామంత్రి ఆయన, యూనివర్సిటీలకు నిధులిచ్చే యూజీసీని 1953లో ప్రారంభించిందీ ఆయనే. ఆ మరుసటి ఏడే మన ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది. ఆ రోజు అందరినీ కలుపుకుని తెలుగులో సభ పెట్టండి, నువ్వే మాట్లాడు.

ఒకటి అడగాలి, ఆ ఇరవై మందిలో ఆడపిల్లలు ఎంతమందో నువ్వు రాయలేదు. మీటింగులు రాత్రిళ్ళు పెడితే హాస్టల్ గేటు టైముకు వాళ్ళు రాలేరు, పగలు పెట్టండి. సంఘం జమాఖర్చుల పుస్తకం వాళ్ళ చేతికివ్వండి.

ప్రశ్న: అన్నా, చిత్తూరు నుంచి వచ్చి తిరుపతి లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. నా రూమ్మేట్ ముస్లిం, రంజాన్‌లో ఆమె రోజా ఉన్నప్పుడు తన ముందు తినాలంటే మొహమాటంగా ఉంటుంది. ఏం చేయను?

జవాబు: తినమ్మా, ఆమె ఏమీ అనుకోదు. 'నీళ్ళు కూడా తాగవా' అని రోజూ అడగకు, చాలు. నెలలో కొన్ని రోజులు ఆడవాళ్ళకు రోజా ఉండదు, ఆ రోజు ఆమె తింటుంటే నలుగురిలో ఎందుకని అడగకు. ఏమైనా చేయాలనుంటే, రోజాకు ముందు తినడానికి పెట్టుకున్న తెల్లవారుజాము అలారం మోగినా ఆమె లేవకపోతే లేపు. సాయంత్రం ఆమె రోజా విడిచే వేళకు, ఆరుంబావు దాటితే, మెస్సులో రద్దీ మొదలవుతుంది, ఆమె ప్లేటు కూడా నువ్వే పట్టుకో.