అట్ట మీది పేరా, లోపలి పేజీలోదా?

ప్రశ్న: ఆగిపోయిన ఒక చిన్న సాహిత్య పత్రికకు రచనల సూచిక తయారు చేస్తున్నాను. మొత్తం 23 సంచికలు. అట్ట మీద ఒకే మాట ఉంది. సంపాదకవర్గం వివరాలున్న పేజీలో ఆ మాట పక్కన 'సాహిత్య త్రైమాసిక' అని కలిపి వేశారు. 18వ సంచిక నుంచి అట్ట మీద పాత పేరుకు ముందు 'కొత్త' అన్న మాట చేరింది. పత్రిక పేరు ఏమని రాయాలి?

జవాబు: ముందు మొదటి సంచికను చేతిలోకి తీసుకోండి. గ్రంథాలయాల్లో పత్రిక పేరు తేల్చడానికి దాన్నే ఆధారం చేసుకుంటారు. పుస్తకానికి ఉన్నట్టు విడిగా పేరు పేజీ ఉంటే అదే ప్రమాణం. చిన్న పత్రికలకు అది ఉండదు కాబట్టి అట్టకే పెద్దపీట. మీ పత్రిక పేరు ఆ ఒక్క మాటే. 'సాహిత్య త్రైమాసిక' అన్నది అదెలాంటి పత్రికో చెప్పే మాట. దాన్ని వివరణగా కింద రాసుకోండి, పారేయవద్దు. ఆ పేరుతో వెతికేవారూ ఉంటారు.

అయితే అట్టను ఒక్కదాన్నే నమ్మకండి. కేటలాగు కార్డులు రాసే రోజుల్లో నేనొక తప్పు చేశాను. చిత్రకారుడు అందం కోసం పేరును రెండు వరుసలుగా విడదీస్తే, రెండు మాటలనుకుని అలాగే రాశాను. ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి, కార్డుల్లో వెతికి, ఆ పత్రిక మా దగ్గర లేదనుకుని వెళ్లిపోయింది. అది పక్క బీరువాలోనే ఉంది. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి పేరును ఎలా కలిపి చదవాలో లోపలి పేజీలో చూసుకోకుండా ఏ కార్డూ రాయలేదు.

'కొత్త' సంగతి వేరు. పేరులోని మొదటి అయిదు మాటల్లో ఏదైనా చేరినా, పోయినా, మారినా మామూలుగా దాన్ని వేరే పత్రికగానే లెక్కిస్తారు. 'పత్రిక' వంటి, అదెలాంటి ప్రచురణో చెప్పే మాటలు చేరితే మాత్రం పట్టించుకోరు. అందుకని 1 నుంచి 17 వరకు ఒక పేరు, 18 నుంచి 23 వరకు మరొక పేరు. ఒకదాని కింద రెండోదాన్ని తప్పక ప్రస్తావించండి. సూచిక ఒక్కటే ఉండవచ్చు. ప్రతి రచన పక్కనా అది అచ్చయిన నాటి పేరే ఉండాలి.

ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలను గుర్తించడానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉందేమో కూడా చూడండి. నాలుగేసి చొప్పున ఎనిమిది అంకెలు, చివరి అంకెకు బదులు ఎక్స్ అక్షరమూ రావచ్చు. ఉంటే ఆ సంఖ్యతో పాటు నమోదైన పేరు దొరుకుతుంది. అదే పేరుతో మరో పత్రిక ఉంటే, తేడా తెలియడానికి బ్రాకెట్లలో ఊరి పేరు వంటిది చేరుస్తారు. పేరు ఇంతగా మారినప్పుడు కొత్త సంఖ్య తీసుకోవాలి. 18వ సంచికపై పాత సంఖ్యే ఉంటే, మార్పును తెలియజేయలేదేమో. ఆ ఒక్క కారణంతో రెండు పేర్లనూ కలిపేయకండి.

పేరు ఎందుకు మార్చారో 18వ సంచిక సంపాదకీయంలో రాసి ఉంటే, ఆ వాక్యాన్ని పేజీ సంఖ్యతో సహా సూచిక ముందుమాటలో ఉదహరించండి.